జడ్జి ఎన్నికల్లో ఓటు ఎలా వేస్తున్నారు? పోటీలో ఉన్న మన తెలుగు లాయరుకు సాయం చేయాలంటే ఏం చేయొచ్చు?

కొత్తఓటరు_ఫ్రిస్కో:
అందరికీ నమస్కారమండి. కిందటేడు సిటిజన్‌షిప్ వచ్చింది. 2026 మార్చి 3న జరిగే టెక్సస్ ప్రైమరీలో, అంటే పార్టీలు తమ అభ్యర్థులను ఎంచుకునే ఎన్నికలో, మొదటిసారి ఓటు వేయబోతున్నాను. మేం ఉండేది ఫ్రిస్కోలో, కాలిన్ కౌంటీ వైపు. అభ్యర్థుల జాబితా తెరిచి చూస్తే గవర్నరు, సెనేటరు దాకా బాగానే ఉంది. ఆ కిందనుంచి జడ్జీల పేర్లు. రాష్ట్ర సుప్రీంకోర్టు, క్రిమినల్ అప్పీళ్ల కోర్టు, నంబర్లు వేసిన జిల్లా కోర్టులు, కౌంటీ కోర్టులు, చిట్టచివర చిన్న దావాలు వినే జస్టిస్ ఆఫ్ ద పీస్. అందులో ఒక్క మనిషి గురించీ నాకు తెలియదు.

మా నాన్నగారు తెనాలిలో ప్లీడరు గుమస్తాగా చేశారు. ఇక్కడ జడ్జి కూడా పార్టీ టికెట్ మీద పోటీ చేస్తాడంటే ఆయన ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు. "మరి ఎదుటి పార్టీవాడు కోర్టుకొస్తే ఎట్లాగమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో సంగతి. పక్క కౌంటీలో మన తెలుగు లాయరు ఒకావిడ ఫ్యామిలీ కోర్టు జడ్జి స్థానానికి పోటీ చేస్తున్నారు. మా వాట్సాప్ గ్రూపుల్లో "మనమ్మాయి, గెలిపించుకుందాం" అని రోజూ మెసేజ్‌లు. సాయం చేయాలని నాకూ ఉంది. ఎలా చేస్తే పద్ధతిగా ఉంటుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

నిర్వాహకుడు:
మంచి చర్చ. ఒక్క నియమం గుర్తుంచుకోండి. ఇప్పుడు పోటీలో ఉన్నవాళ్ళ పేర్లు ఇక్కడ రాయొద్దు. ఏ పార్టీ మంచిదన్న వాదన వేరే చోట పెట్టుకోండి.

షుగర్‌లాండ్_సీనియర్:
అమ్మా, ముందుగా అభినందనలు. నేను ఫోర్ట్ బెండ్ కౌంటీలో చాలాకాలంగా ఓటు వేస్తున్నాను, ప్రచారాల్లో తిరిగాను కూడా. తెలిసింది చెబుతాను.

మీ నాన్నగారి ప్రశ్న సబబైనదే. టెక్సస్‌లో జడ్జీలు పార్టీ పేరుతోనే పోటీ చేస్తారు. జిల్లా జడ్జికి 4 ఏళ్ళు, అప్పీళ్ల కోర్టుల వాళ్ళకు 6 ఏళ్ళు పదవీకాలం. మధ్యలో జిల్లా కోర్టు ఖాళీ అయితే గవర్నరు నియమిస్తాడు, తర్వాత ఎన్నికలో ఆ మనిషి ఓటర్ల ముందుకు రావాలి.

2018 దాకా ఒక్క మీట నొక్కితే పై నుంచి కింది దాకా ఒకే పార్టీకి ఓటు పడిపోయేది. ఆ ఏడాది పక్కనున్న హారిస్ కౌంటీలో జడ్జి స్థానాలను ఒకే పార్టీ ఊడ్చేసింది. నల్లజాతి మహిళలు 17 మంది ఒకేసారి జడ్జీలయ్యారు, దేశమంతా చెప్పుకున్నారు. అదే ఊపులో అనుభవమున్న జడ్జీలు కూడా ఓడిపోయారు, వాళ్ళ పనితీరుతో సంబంధం లేకుండా. 2020 నుంచి ఆ మీట ఎత్తేశారు. ఇప్పుడు ఒక్కో స్థానానికీ విడిగా ఓటు వేయాలి. దాంతో ఇంకో ఇబ్బంది వచ్చింది. పై నాలుగు పేర్లు నొక్కేసి, కింద జడ్జీలను వదిలేసి వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువయ్యారు. మనవాళ్ళలో ఇది నేను కళ్ళారా చూస్తున్నాను.

మనం వదిలేసేది మన బతుకుకు అన్నిటికన్నా దగ్గరగా ఉండే పదవినమ్మా. సెనేటరు దగ్గరికి జీవితంలో ఒక్కసారైనా వెళతామో లేదో. విడాకులు, పిల్లల కస్టడీ, వీలునామా, అద్దె గొడవ, యాక్సిడెంటు, ఇంటి కాంట్రాక్టరు మోసం, అన్నీ ఈ కింది పేర్ల ముందుకే వస్తాయి.

కడప_టు_కేటీ:
పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. నా సంగతి చెబుతా.

అపార్ట్‌మెంట్ ఖాళీ చేసినప్పుడు డిపాజిట్ తిరిగివ్వలేదు. కార్పెట్ పాడైంది, గోడలు పాడయ్యాయి అని లెక్క రాసి, ఎదురు నేనే కట్టాలన్నారు. ఇల్లు వదిలిన రోజు గదిగదికీ తీసిన ఫోటోలు నా దగ్గరున్నాయి. జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టులో కేసేసినా. ఆ కోర్టులో 20,000 డాలర్ల వరకు దావా వేయొచ్చు, లాయరు అక్కర్లేదు. ఇంకో విషయం చానామందికి తెలీదు, ఆ కుర్చీలో కూర్చునే జడ్జి కూడా లాయరై ఉండాలనే నిబంధన టెక్సస్‌లో లేదు.

నా కేసు విన్న జడ్జమ్మ ఫోటోలు ఒక్కొక్కటీ తీసుకుని, తారీఖు చూసి, అవతలి మేనేజరును "ఈ మరక ఎక్కడుందో ఇందులో చూపించండి" అని అడిగింది. అతను చూపించలేకపోయినాడు. కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇచ్చినావా అని నన్నడిగింది. ఇచ్చిన ఈమెయిలు ప్రింటు చూపించినా. టెక్సస్ చట్టం ప్రకారం ఇల్లు ఖాళీ చేసినాక 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి. దురుద్దేశంతో అట్టిపెట్టుకుంటే ఆ మొత్తానికి మూడింతలు, పైన 100 డాలర్లు కట్టమని జడ్జి ఆదేశించొచ్చు. నాకు న్యాయం జరిగింది.

అదే రోజు నా ముందు నలుగురైదుగురి ఖాళీ చేయించే కేసులు వచ్చినాయి. ఒక్కొక్కటీ రెండు మూడు నిమిషాల్లో తేలిపోతున్నాయి. అంత చిన్న వ్యవధిలో కూడా ఆమె ప్రతి ఒక్కరినీ "మీకు నోటీసు ఎప్పుడు అందింది?" అని అడిగినాక గాని తీర్పు చెప్పలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగని జడ్జి అయితే ఎన్ని కుటుంబాలు రోడ్డున పడతాయో ఆలోచించండి. ఆ పొద్దు నుంచి నేను బ్యాలెట్‌ను కింది నుంచి పైకి చదవడం మొదలుపెట్టినా.

ఎడిసన్_నాన్న:
న్యూజెర్సీ నుంచి. మాకీ గొడవ లేదు. సుపీరియర్ కోర్టు జడ్జిని గవర్నరు ప్రతిపాదిస్తాడు, రాష్ట్ర సెనేట్ ఆమోదించాలి. మొదట 7 ఏళ్ళు. మళ్ళీ నియమిస్తే 70 ఏళ్ళ వయసొచ్చేదాకా ఉండొచ్చు. నా ఉద్దేశంలో అదే సరైన పద్ధతి. జడ్జి ఓట్లడగడం, చందాలు వసూలు చేయడం చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. ఫెడరల్ జడ్జీలకు కూడా ఎన్నికలు లేవు కదా.

వెస్ట్ వర్జీనియా కేసు చదవండి. ఒక బొగ్గు కంపెనీ మీద 5 కోట్ల డాలర్ల తీర్పు పడింది. అప్పీలు రాష్ట్ర సుప్రీంకోర్టుకు చేరేలోపు, 2004 ఎన్నికలో ఆ కంపెనీ అధిపతి దాదాపు 30 లక్షల డాలర్లు కుమ్మరించి తనకు నచ్చిన అభ్యర్థిని అదే కోర్టుకు గెలిపించాడు. ఆ జడ్జి తప్పుకోకుండా కేసు విన్నాడు, కంపెనీ గెలిచింది. 2009లో అమెరికా సుప్రీంకోర్టు కలగజేసుకుని, ఆయన ఈ కేసు వినకుండా ఉండాల్సింది అని చెప్పింది. అదీ 5-4 తేడాతో. నలుగురు జడ్జీలకు అందులో రాజ్యాంగపరమైన తప్పు కనిపించలేదంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

మిల్వాకీ_మామయ్య:
ఎడిసన్ గారూ, మీ బాధ నాకు అర్థమవుతోంది. 2025 ఏప్రిల్లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టులో ఒక్క స్థానానికి జరిగిన ఎన్నికను మేం దగ్గరనుంచి చూశాం. సుసాన్ క్రాఫర్డ్, బ్రాడ్ షిమెల్ పోటీ పడ్డారు. ఖర్చు దాదాపు 10 కోట్ల డాలర్లకు చేరింది. అప్పటిదాకా దేశంలో ఏ జడ్జి ఎన్నికకూ అంత ఖర్చు కాలేదు. ఇలాన్ మస్క్, ఆయన వెనకున్న సంస్థలు కలిసి 2 కోట్ల డాలర్లకు పైగా పెట్టారు. టీవీ పెడితే ప్రకటన, ఫోన్ తెరిస్తే ప్రకటన. అన్నీ కూడా ఎదుటివాళ్ళు ఫలానా నేరస్థుణ్ణి వదిలేశారనే మాటలే. చివరికి క్రాఫర్డ్ పది శాతం తేడాతో గెలిచారు.

అంత డబ్బు పోసినా ఫలితం ఓటర్లే తేల్చారు కదా అని నాకు ఒకింత ధైర్యంగా అనిపించింది. కానీ ఇరవై రోజులపాటు మా పిల్లలు న్యాయమూర్తులంటే ఒకరినొకరు తిట్టుకునేవాళ్ళు అనుకున్నారు. అది నన్ను చాలా బాధపెట్టింది.

ఓరుగల్లు_ఆస్టిన్:
ఎడిసన్ అన్నా, నియామకం మంచిదా ఎన్నిక మంచిదా అనేది పెద్ద చర్చ. ఇండియాలో జడ్జీలే జడ్జీలను ఎంచే కొలీజియం మీద కూడా ఇదే లొల్లి నడుస్తది. 2015ల నియామకాల కమిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసినప్పటి సంది ఎవలు ఎవల్ని ఎంచుతున్నరో బయటికి తెలుస్తలేదని అడిగేటోళ్ళు ఉన్నరు. నియామకం అయితే అంతా స్వచ్ఛం అనుకోలేం.

ఇక్కడ చెల్లె అడిగింది మాత్రం వేరు. తన బ్యాలెట్ మీద ఆ పేర్లు ఉన్నయి. పద్ధతి నచ్చలేదని ఖాళీగా వదిలేస్తే, ఆ ఓటు ఇంకొకలు వేస్తరు. కాబట్టి ఉన్న పద్ధతిల మంచోళ్ళను ఎట్ల పట్టాలె అన్నదే మాట్లాడుకుందాం.

క్యారీ_తెలుగు:
వదిలేయొద్దు అన్నదానికి మా నార్త్ కరోలినా ఉదాహరణ. 2024 నవంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు స్థానానికి 55 లక్షల పైచిలుకు ఓట్లు పోలైతే, ఆలిసన్ రిగ్స్ గెలిచింది 734 ఓట్లతో. మా క్యారీ, మోరిస్‌విల్ లో ఒక్క సబ్‌డివిజన్‌లో ఉన్న తెలుగు ఓటర్లు అంతమంది ఉంటారు.

అక్కడితో ఆగలేదు. ఓడిన జెఫర్సన్ గ్రిఫిన్ 65,000 మందికి పైగా ఓటర్ల ఓట్లను సవాలు చేశారు. వాళ్ళలో ఎక్కువమంది రిజిస్ట్రేషన్ రికార్డులో డ్రైవింగ్ లైసెన్సు నంబరో, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగంకెలో లేవన్నది అభ్యంతరం. జాబితాలో పేరుందేమోనని మా వీధిలో అందరం వెతుక్కున్నాం. పక్కింటి ఆంటీ పేరు కనబడింది. ఆవిడ ఐడీ చూపించి, వరుసలో నిలబడి వేసిన ఓటు అది. ఆరు నెలల పాటు ఆ ఓటు ఉంటుందో పోతుందో తెలియని టెన్షన్. 2025 మేలో ఫెడరల్ కోర్టు తీర్పు వచ్చాక గ్రిఫిన్ ఓటమి ఒప్పుకున్నారు.

అందుకే చెబుతున్నాను, మీ రిజిస్ట్రేషన్‌లో పేరు, అడ్రసు, నంబర్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోండి. మన పేర్లలో ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాతో ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటాయి.

కొత్తఓటరు_ఫ్రిస్కో:
క్యారీ గారూ, వెంటనే చూసుకున్నాను. నా పేరు సరిగ్గానే ఉంది, మా వారి పేరులో ఒక అక్షరం తేడా ఉంది. మార్పించుకోవడానికి ఆయన అప్పుడే కూర్చున్నారు. చాలా థాంక్సండి.

జడ్జి మంచివారో కాదో ఎలా తెలుసుకోవాలి? ప్రచార కాగితాల మీద అందరూ "అనుభవం, నిజాయితీ, న్యాయం" అనే రాసుకున్నారు.

లా_చదివినవాడు:
డాలస్ ప్రాంతంలో ప్రాక్టీసు చేస్తున్నాను. ఫ్యామిలీ కేసులు ఎక్కువ.

ప్రచార కాగితం పక్కన పెట్టండి. మొదట, ఆయన ఏం పని చేశారో చూడండి. జిల్లా జడ్జి కావాలంటే ఇప్పుడు 8 ఏళ్ళు లాయరుగానో జడ్జిగానో పనిచేసి ఉండాలి, 2021లో ఓటర్లే రాజ్యాంగ సవరణతో దాన్ని 4 నుంచి 8కి పెంచారు. కానీ ఆ 8 ఏళ్ళూ కంపెనీ ఆఫీసులో కాంట్రాక్టులు చదివిన మనిషి ఫ్యామిలీ కోర్టులో కూర్చుంటే నేర్చుకోవడానికే సమయం పడుతుంది. ఆ నేర్చుకునే కాలంలో ఎవరో ఒకరి పిల్లల కస్టడీ తేలిపోతుంది.

రెండు, బార్ అసోసియేషన్ల, అంటే లాయర్ల సంఘాల పోల్స్. డాలస్, హ్యూస్టన్ బార్ అసోసియేషన్లు లాయర్ల చేత జడ్జీల మీద అభిప్రాయం తీసుకుంటాయి. ఓపిగ్గా వింటాడా, చట్టం తెలుసా, సమయానికి వస్తాడా, ఇలాంటివి. వాటిని పూర్తిగా నమ్మమని చెప్పను. ఒక జడ్జి పెద్ద ఫర్మ్‌లకు నచ్చకపోతే మార్కులు తగ్గొచ్చు. అయినా నూటికి ఎనభై మంది లాయర్లు ఒకే మాట చెబుతున్నారంటే అందులో విషయముంటుంది. లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ అనే ఓటర్ల సంస్థ వాళ్ళ గైడులో అభ్యర్థులు స్వయంగా రాసిన జవాబులుంటాయి. జవాబివ్వని వాళ్ళను కూడా గమనించండి.

మూడోది నేను అందరికన్నా ఎక్కువగా చెప్పేది. కోర్టుకు వెళ్ళి కూర్చోండి. మామూలు కోర్టు విచారణలు ఎవరైనా చూడొచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. సెక్యూరిటీ దాటి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి, వెనక బెంచీ మీద కూర్చోవడమే. లాయరు లేకుండా వచ్చినవాళ్ళతో జడ్జి ఎలా మాట్లాడుతున్నారో చూడండి. పెద్ద లాయర్లతో అందరూ మర్యాదగానే ఉంటారు. ఈ మధ్య ఒక కోర్టులో, మన భాష కాదు గాని దక్షిణాది భాషే, ఒక పెద్దావిడ ప్రతి ప్రశ్నకూ "యస్, యస్" అంటోంది. లాయరు ముందుకు వెళ్ళిపోతున్నారు. జడ్జి ఆపి, "నేను ఇప్పుడు అడిగింది మీ మాటల్లో నాకు తిరిగి చెప్పండి" అన్నారు. ఆవిడ చెప్పలేకపోయింది. విచారణ వాయిదా వేసి దుబాసీని పిలిపించారు. ఆ జడ్జి ఏ పార్టీ అయినా సరే నా ఓటు ఆయనకే.

సన్నీవేల్_అత్తయ్య:
మా కాలిఫోర్నియాలో సుపీరియర్ కోర్టు జడ్జికి ఎదురు ఎవరూ పోటీ చేయకపోతే అసలు ఆ పేరే బ్యాలెట్ మీద రాదు. పదవీకాలం 6 ఏళ్ళు. అందుకే చాలామందికి మా దగ్గర జడ్జీలకు ఎన్నికలున్నాయన్న సంగతే తెలియదు.

2018లో మాత్రం అందరికీ తెలిసింది. స్టాన్‌ఫర్డ్ విద్యార్థి బ్రాక్ టర్నర్ మీద పడిన లైంగిక దాడి కేసులో ఆరు నెలల జైలు శిక్షే వేసిన జడ్జి ఆరన్ పెర్‌స్కీని శాంటా క్లారా కౌంటీ ఓటర్లం పదవినుంచి దించేశాం. 1932 తర్వాత ఈ రాష్ట్రంలో ఓటర్లు ఒక జడ్జిని అలా దించడం అదే మొదలు. బాధితురాలైన అమ్మాయి కోర్టులో చదివిన లేఖ నేను మా ఇద్దరు కూతుళ్ళతో కలిసి చదివాను. దించాలనే ఓటు వేశాను, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.

అప్పట్లో పబ్లిక్ డిఫెండర్లు, అంటే పేదల తరఫున వాదించే ప్రభుత్వ లాయర్లు, కొందరు వద్దన్నారు. ఒక్క తీర్పుకు జడ్జిని తీసేస్తే, మిగతా జడ్జీలు భయపడి పేదవాళ్ళకు కూడా పెద్ద శిక్షలు వేస్తారన్నారు. వాళ్ళ మాటలో కూడా న్యాయముంది. ఆ ఓటు వేయడానికి ముందు నేను రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. జడ్జి విషయంలో ఓటు అంత తేలికగా పడకూడదని నా అభిప్రాయం.

గోదారిగట్టు:
ఇంతసేపూ బాగానే చెబుతున్నారుగానీ, అసలు సంగతి ఎవరూ అనట్లేదు. మనవాళ్ళు గెలవాలండీ. మలయాళీలను చూడండి. ఫోర్ట్ బెండ్‌లో జూలీ మాథ్యూ కౌంటీ కోర్టు జడ్జి. సురేంద్రన్ పటేల్ చిన్నప్పుడు కాసరగోడ్‌లో బీడీలు చుట్టిన మనిషి, 2017లో సిటిజన్ అయ్యాడు, 2022లో 240వ జిల్లా కోర్టుకు ఎన్నికయ్యాడు. వాళ్ళు చేయగలిగింది మనం ఎందుకు చేయలేం? మన అమ్మాయికి ఓటు వేయడానికి ఇన్ని పరీక్షలెందుకు?

ఓరుగల్లు_ఆస్టిన్:
గోదారి అన్నా, వాళ్ళిద్దరు గెలిచింది ఒక్క మలయాళీ ఓట్లతోని కాదు. ఆ కౌంటీల తెల్లోళ్ళు, నల్లోళ్ళు, మెక్సికన్లు, ఆసియా వాళ్ళు అందరూ కలిసి ఉంటరు. ఆయన సిటిజన్ అయ్యేకంటే ఎన్నో ఏండ్ల ముందటి సంది ఇండియాల, ఇక్కడ కోర్టులల్ల వాదించిన మనిషి.

మన అక్క కూడా గట్టిదైతే పరీక్ష పెడితే ఏమైతది? పాసైతది. "మనమ్మాయి" అని ప్రచారం చేస్తే రేపు ఆమె ముందు ఒక తెలుగాయన, ఒక వియత్నామీ నిలబడ్డప్పుడు ఆ వియత్నామీకి ఏమనిపిస్తది? ఆమెకు చేటు చేసేది ఆ మాటనే.

గోదారిగట్టు:
మీరన్నది ఆలోచించాల్సిందే. కానీ సొంత భాష తెలిసిన జడ్జి ఉంటే మన ఆడపిల్లలకు ధైర్యంగా ఉంటుందని నా ఆశ. మా చెల్లెలి విడాకుల కేసులో భర్త తల్లిదండ్రులు ఇంట్లోనే ఉండటం, జీతమంతా ఉమ్మడి ఖాతాలోకి పోవడం, ఆ ఖాతా మామగారి చేతిలో ఉండటం, ఇవన్నీ జడ్జికి అర్థమయ్యేలా చెప్పడానికే లాయరు ఫీజు తడిసి మోపెడైంది. 2024లో విజయవాడ ఆవిడ జయ బాడిగ గారు శాక్రమెంటో కోర్టు జడ్జిగా ప్రమాణం చేసినప్పుడు తెలుగులో మాట్లాడిన వీడియో మా అమ్మ ఎన్నిసార్లు చూసిందో.

లా_చదివినవాడు:
గోదారిగట్టు గారూ, మీ చెల్లెలి విషయంలో మీరు చెప్పింది నేను నా ఆఫీసులో రోజూ చూస్తున్నాను. మన కుటుంబాల తీరు తెలిసిన జడ్జి ఉండటం నిజంగా మేలు. అది ఒక అర్హతగా లెక్కపెట్టండి, తప్పులేదు. జయ బాడిగ గారిది గవర్నరు నియామకం. దానికి ముందు అదే కోర్టులో కమిషనర్‌గా చేశారు, ఫ్యామిలీ లా మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. పని, భాష రెండూ కలిస్తేనే ఆవిడ అక్కడికి వెళ్ళారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ప్రచారంలో సాయం చేసి, రేపు మన కేసు ఆవిడ కోర్టుకొస్తే చూసుకుంటుందని ఎవరైనా అనుకుంటే ఆ సాయం ఇప్పుడే మానుకోండి. ఏ కేసులో ఎలా తీర్పిస్తానో అభ్యర్థి మాట ఇవ్వకూడదు, టెక్సస్ జడ్జీల ప్రవర్తనా నియమావళిలో ఉంది. మీటింగులో లేచి "మన విడాకుల కేసుల్లో మగవాళ్ళకు అన్యాయం జరుగుతోంది, మీరేం చేస్తారు?" అని అడిగితే ఆవిడ ఇబ్బంది పడుతుంది. "లాయరు లేనివాళ్ళ కేసులు ఎలా నడుపుతారు, దుబాసీల ఏర్పాటు ఎలా చేస్తారు, వాయిదాలు ఎలా తగ్గిస్తారు?" అని అడగండి. వీటికి జవాబు చెప్పొచ్చు.

హెచ్1బి_ఇర్వింగ్:
అన్నా, మా ఇంట్లో ఇద్దరం వీసా మీదున్నాం. ఆవిడకు 500 డాలర్లు పంపమని అసోసియేషన్ వాళ్ళు అడుగుతున్నారు. పంపొచ్చా? ఫోన్లు చేయడానికి రమ్మంటున్నారు, వెళ్ళొచ్చా?

లా_చదివినవాడు:
తమ్ముడూ, డబ్బు పంపొద్దు. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 మీద ఉన్నవాళ్ళు ఏ ఎన్నికకూ చందా ఇవ్వకూడదు. అధ్యక్ష ఎన్నికైనా, జస్టిస్ ఆఫ్ ద పీస్ ఎన్నికైనా అదే ఫెడరల్ చట్టం. నీ డబ్బు ఇంకొకరి పేరుతో పంపడం కూడా నేరమే. ఆ మాట ఎవరన్నా ఒప్పుకోవద్దు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు చందా ఇవ్వొచ్చు.

జీతం తీసుకోకుండా వాలంటీరుగా ఫోన్లు చేయడం, కాగితాలు పంచడం చేయొచ్చు. డబ్బు ఎలా ఖర్చు పెట్టాలి, ప్రచారం ఎలా నడపాలి అన్న నిర్ణయాల్లో మాత్రం ఉండకూడదు.

ఓటు విషయంలో అయితే ఇంకా జాగ్రత్త. సిటిజన్ కానివాళ్ళు లైసెన్సు ఆఫీసులో ఇచ్చిన ఫారంలో ఓటరు నమోదు గడి చూసుకోకుండా టిక్ పెట్టి, తర్వాత సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో చిక్కుకున్న కేసులు నా దగ్గరికి వచ్చాయి. గ్రీన్ కార్డు వాళ్ళకు కూడా ఓటు లేదు. దేశం నుంచి పంపేసే దాకా పోతుంది వ్యవహారం.

సిటిజన్లకు కూడా జడ్జి ఎన్నికల్లో చందాకు హద్దుంది. టెక్సస్‌లో ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికలో ఇవ్వగలిగింది, ఆ కోర్టు పరిధిలోని జనాభాను బట్టి 1,000 నుంచి 5,000 డాలర్ల దాకా. ఇచ్చినవాళ్ళ పేర్లు లెక్కల్లో బయట పెడతారు, ఎవరైనా చూడొచ్చు. ఓటరుగా మీరు కూడా చూడండి. ఒక జడ్జికి వచ్చిన చందాల్లో సగం ఆయన ముందే వాదించే లాయర్లవైతే దాన్నిబట్టి మీకే ఒక అంచనా వస్తుంది.

షుగర్‌లాండ్_సీనియర్:
అసోసియేషన్ అన్నారు కాబట్టి ఒక మాట. మన తెలుగు సంఘాలు, గుళ్ళు చాలావరకు 501(సి)(3) కింద పన్ను మినహాయింపు పొందినవి. సంఘం పేరుతో, సంఘం ఈమెయిలు జాబితాతో, ఉగాది వేదిక మీద ఒక అభ్యర్థికి ఓటు వేయమని చెప్పకూడదు. 1954 నుంచి ఉన్న నిబంధన. పోటీలో ఉన్న అందర్నీ పిలిచి ఒకే ప్రశ్నలు అడిగే సభ పెట్టొచ్చు, ఓటరు నమోదు శిబిరం పెట్టొచ్చు. అధ్యక్షుడుగారు తన సొంత ఫోన్ నుంచి సొంత మనిషిగా మద్దతు చెప్పుకోవచ్చు.

మా దగ్గర అందర్నీ పిలిచి సభ పెట్టినప్పుడు జనం పెద్దగా రాలేదు. అయినా అభ్యర్థులు ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని జనం మధ్య కూర్చుని మాట్లాడారు. ఒక సిట్టింగ్ జడ్జి తన కోర్టులో తెలుగు దుబాసీ దొరకక కేసులు ఆగుతున్నాయని చెబితే, అక్కడికక్కడే ఇద్దరు ఆడపిల్లలు లైసెన్సు పరీక్షకు పేరిచ్చుకుంటామన్నారు. ఆ సభ నాకు చాలా తృప్తినిచ్చింది.

ప్రాస్పర్_పద్దు:
ప్రైమరీలో ఓటేస్తే ఆ పార్టీ ముద్ర పడిపోతుందని మా ఆయన వెళ్ళడం లేదు. నిజమేనా?

షుగర్‌లాండ్_సీనియర్:
కాదమ్మా. టెక్సస్‌లో ఓటరు నమోదులో పార్టీ అనేదే ఉండదు. మార్చిలో ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడగాలి. ఎవరికీ 50 శాతం దాటకపోతే మే 26న రనాఫ్ (మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ పోటీ), దానికి మాత్రం మార్చిలో తీసుకున్న పార్టీ బ్యాలెట్టే ఇస్తారు. నవంబరు 3న మీ ఇష్టం. ఒకే పార్టీ బలంగా ఉన్న కౌంటీల్లో జడ్జి ఎవరన్నది ప్రైమరీలోనే తేలిపోతుంది. నవంబరులో చాలాసార్లు ఎదుట ఎవరూ ఉండరు. అందుకే మీవారిని తీసుకెళ్ళండి.

క్యారీ_తెలుగు:
ప్రచార పనుల్లో ఏది పనికొస్తుందని అడిగారు కదా. ఫేస్‌బుక్ పోస్టుల కన్నా ఇంటింటికీ వెళ్ళడం. జడ్జి పేరు జనానికి తెలియదు కాబట్టి, తెలిసిన మనిషి గుమ్మంలో నిలబడి "నేను ఈవిడ కోర్టులో వాదించడం చూశాను" అంటే ఆ మాట నిలబడుతుంది. చూడకుండా చెప్పొద్దు.

లా_చదివినవాడు:
ముంగిట్లో బోర్డు పెట్టొచ్చా అని కొందరు నాకు విడిగా రాశారు. టెక్సస్‌లో ఎన్నికకు 90 రోజుల ముందునుంచీ, అయిపోయాక 10 రోజుల దాకా హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు అడ్డుపడకూడదు. అభ్యర్థికి ఒక్క బోర్డే, నేలలో పాతినదే. పోలింగ్ కేంద్రం తలుపుకు 100 అడుగుల లోపల ప్రచారం చేయకూడదు, అభ్యర్థి పేరున్న టీషర్టు కూడా వేసుకెళ్ళొద్దు. లోపల ఫోన్ తీయనివ్వరు. అందుకే ఎంచుకున్న పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. కౌంటీ వెబ్‌సైటులో నమూనా బ్యాలెట్ పెడతారు, అది ప్రింటు తీసుకుంటే ఇంకా మేలు.

కొత్తఓటరు_ఫ్రిస్కో:
ఇంత ఓపిగ్గా చెప్పారు, ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నేను అనుకున్నది చెబుతాను. ఆవిడ వాదించే కేసు ఒకటి వచ్చే వారం ఉందట, నేనూ ఇంకో ఇద్దరు స్నేహితురాళ్ళూ వెళ్ళి కూర్చుంటాం. అదే స్థానంలో ఇప్పుడున్న జడ్జి కోర్టులో కూడా ఒక పూట కూర్చుంటాం. ఆవిడ మా కౌంటీ కాదు కాబట్టి నాకు ఓటు లేదు. చూసి నచ్చితే వారాంతాల్లో ఆ కౌంటీలో ఇళ్ళకు తిరుగుతాను. మా కౌంటీ బ్యాలెట్‌లో ఉన్న ఫ్యామిలీ కోర్టు, జస్టిస్ ఆఫ్ ద పీస్ పేర్ల గురించి కూడా అలాగే తెలుసుకుంటాను.

ఇంకొక్క సందేహం. మా అత్తగారు కూడా సిటిజనే. ఇంగ్లిష్ చదవలేరు. నేను పక్కన ఉండి చదివి చెప్పొచ్చా?

లా_చదివినవాడు:
చెప్పొచ్చమ్మా. చదవలేని ఓటరు తనకు నచ్చిన మనిషిని సాయానికి తెచ్చుకోవచ్చు, ఫెడరల్ చట్టం ఇచ్చిన హక్కు. యజమాని, యజమాని తరఫు మనిషి, యూనియన్ వాళ్ళు మాత్రం కాకూడదు. మీరు అక్కడ ఒక ఫారం నింపి ప్రమాణం చేయాలి. పేర్లు చదివి చెప్పండి, ఎవరికి వేయాలో మాత్రం చెప్పొద్దు. ఇంట్లోనే ముందుగా ఆవిడతో కూర్చుని మాట్లాడుకోండి.

గోదారిగట్టు:
ఫ్రిస్కో అమ్మా, కోర్టుకు వెళ్ళేటప్పుడు నాకూ చెప్పండి. నేనూ వస్తాను. ఆవిడ వాదన చూశాకే మా గ్రూపులో మెసేజ్ పెడతాను.

ప్రాస్పర్_పద్దు:
మేం డెంటన్ కౌంటీ వైపు ఫ్రిస్కో నుంచి ప్రాస్పర్‌లో కాలిన్ కౌంటీ వైపుకు మారాం. పాత నమోదు పనికొస్తుందా?

నిర్వాహకుడు:
కౌంటీ మారింది కాబట్టి కొత్తగా నమోదు చేసుకోండి. అదే కౌంటీలో ఇల్లు మారితే ఆన్‌లైన్‌లో అడ్రసు మార్చుకుంటే సరిపోయేది. టెక్సస్‌లో కొత్త నమోదు ఫారం ప్రింటు తీసి, సంతకం పెట్టి పోస్టులో పంపాలి, లేదా కౌంటీ ఆఫీసులో ఇవ్వాలి. ఫిబ్రవరి 2 ఆఖరు తేదీ, ఆ రోజు పోస్టు ముద్ర ఉన్నా తీసుకుంటారు. ముందస్తు ఓటింగు ఫిబ్రవరి 17 నుంచి 27 దాకా. ఐడీగా టెక్సస్ లైసెన్సు గాని, అమెరికా పాస్‌పోర్టు గాని, ఫోటో ఉన్న సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ గాని చాలు. ఈ శనివారం ఎవరి ఇంట్లోనైనా ప్రింటరు లేకపోతే నాకు సందేశం పంపండి, ఫారాలు నేను తీసి ఉంచుతాను.